చీరాల పట్టణము

విజయవాడనుండి చెన్నపట్టణమునకు పోవు రైలు బండిలో కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి తెనాలి దాటినది మొదలు ఇరువైపుల వరిచేలు కనబడుచుండును. బాపట్ల దాటిన పిమ్మట నేల రంగు మారును. నల్లని బురద నేల పోయి తెల్లని ఇసుక వచ్చును. వరిచేల స్థానమున తాటితోపులు, సరుగుడు తోటలు, జీడిమామిడి చెట్లు, వేరుసెనగ చేలు కానవచ్చును. మరి కొంతసేపటికి బండి ఒక పెద్ద స్టేషనులో ఆగును. అదియే చీరాల. విజయవాడకు ఇది సుమారు 90 కిలోమీటర్ల దూరమున నున్నది. తూర్పుగా ఆరేడు కిలోమీటర్లు పోయినచో వాడరేవు అను పల్లెకారుల గ్రామము, దానిని ఆనుకొని బంగాళాఖాతము.

ఈ పట్టణము చిరకాలము గుంటూరు జిల్లాలోని బాపట్ల తాలూకాలో నుండెను. 1970వ సంవత్సరమున ఒంగోలు ముఖ్యస్థానముగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు దానిలో చేరెను. ఆ జిల్లాకే రెండేండ్ల తరువాత ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 2022 ఏప్రిల్ నెలలో రాష్ట్రమునందలి జిల్లాలను మరల విభజించినపుడు చీరాల బాపట్ల జిల్లాలోనిది అయినది. ఊరు ఉన్నచోటనే యున్నది. జిల్లా పేరు మాత్రము మూడు పర్యాయములు మారినది. వృద్ధులైన పట్టణవాసులు ఇప్పటికిని కాగితములమీద తమ జిల్లా పేరు వ్రాయవలసి వచ్చినపుడు ఒక్క క్షణము ఆగి ఆలోచింతురు.

చీరాల అను పేరును గూర్చి రెండు మాటలు వాడుకలో నున్నవి. పాలవంటి తెల్లని కడలి నురుగును చూచి పూర్వులు దీనిని క్షీరపురి యనిరనియు, అదియే చీరాలగా మారెననియు కొందరు చెప్పుదురు. చీరలు నేయు ఊరు గనుక చీరాల యనిరని సామాన్య జనుల మాట. రెండింటికిని శాసన ప్రమాణము చూపుట కష్టము. కాని రెండవ మాటయే జనుల నోట నిలిచియుండుటకు కారణము లేకపోలేదు. ఈ ఊరి పేరెత్తగానే ఆంధ్రదేశమున ఎవరికైనను ముందుగా గుర్తుకు వచ్చునది మగ్గమే.

ఈ ప్రాంతపు వస్త్రముల కీర్తి నేటిది కాదు. చీరాలకు దక్షిణముగా సముద్రతీరమున మోటుపల్లి యను చిన్న గ్రామము కలదు. ఇప్పుడు చూచువారికి అచట కొన్ని ప్రాచీన దేవాలయములు, ఇసుక దిబ్బలు తప్ప వేరేమియు కనబడవు. కాకతీయుల కాలమున అది గొప్ప రేవుపట్టణము. గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున అచట ఒక శాసనము వేయించెను. దానికి అభయశాసనమని పేరు. అంతకు పూర్వము గాలివానలకు ఓడ పగిలి సరకులు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో రాజులు ఆ సరకును తమదిగా స్వాధీనము చేసికొనెడివారు. ప్రాణములకు తెగించి కడలి దాటి వచ్చిన వర్తకుడు ఒక్క గాలివానతో సర్వస్వము కోల్పోయెడివాడు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనమని రాతిమీద చెక్కించి వర్తకులకు మాట ఇచ్చెను. ఏ సరకుపై ఎంత సుంకమో కూడ అందు వివరింపబడినది. పన్ను ఎంతయో ముందుగా తెలియజేయుట, దానిని మించి గుంజకుండుట అను రెండు నియమములును ఆ శాసనమునందున్నవి. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. ఇదే తీరమున పన్నును గూర్చియే మరియొక పెద్ద కథ నడచినది. దానిని ముందు చెప్పుదును.

పదుమూడవ శతాబ్ది చివర వెనిసు నగర యాత్రికుడగు మార్కో పోలో ఈ రాజ్యమును గూర్చి వ్రాసెను. మోటుపల్లినే అతడు ముట్ఫిలి యని పేర్కొనెనని చరిత్రకారుల అభిప్రాయము. ఈ దేశమును ఒక రాణి న్యాయముగా పాలించుచున్నదనియు, ఇచటి సన్నని వస్త్రములు సాలెగూటి దారములను పోలియున్నవనియు, వానిని ధరింప నొల్లని రాజుగాని రాణిగాని లోకమున ఉండరనియు అతని వ్రాతల సారాంశము. ఆ రాణి రుద్రమదేవి.

మోటుపల్లి రేవు పూడిపోయినది. మగ్గములు మాత్రము తీరము వెంబడి నిలిచినవి. చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెము, ఈపూరుపాలెము — వీనిలో ఏ వీధిలో నడచినను మగ్గపు చప్పుడు వినబడుట నిన్నమొన్నటి వరకు సాధారణము. ఇప్పుడు తగ్గినది గాని నిలిచిపోలేదు.

నేతపని ఇచట ఎక్కువగా గుంటమగ్గములపై జరుగును. ఇంటి ముందరి గదిలో నేలను మోకాలిలోతు త్రవ్వి, ఆ గుంటలో కాళ్ళు ఉంచి నేతగాడు గట్టుపై కూర్చుండును. పాదములతో తొక్కుడు చెక్కలను తొక్కుచు, చేతితో నాడెను అటునిటు పంపుచు వస్త్రమును నేయును. నిలువుగా సాగిన దారములు పడుగు. అడ్డముగా పోవునవి పేక. పడుగును తయారుచేయుట మగ్గమెక్కించుటకంటె కష్టమైన పని. నూలును కండెలకు చుట్టవలెను, ఆసు పోయవలెను, తెల్లవారుజామున వీధి పొడవునను పడుగును సాగదీసి గంజి పట్టించి పెద్ద కుంచెతో దువ్వవలెను. ఎండ ముదరకముందే ఆ పని ముగియవలెను. లేనిచో గంజి ఎండి దారములు పుటుక్కున తెగును. వాన వచ్చినచో అసలు సాగదు. మగ్గముపై కూర్చుండువాడు ఒక్కడే కనబడును గాని వాని వెనుక ఇల్లాలు, వృద్ధులు, పిల్లలు అందరి శ్రమయు నుండును. కూలి లెక్కలో మాత్రము ఒక్క మగ్గమనియే వ్రాయుదురు.

చీరాల నేతలో కుప్పడము అను పద్ధతి ప్రసిద్ధము. చీర ఒడలు ఒక రంగు, రెండంచులు వేరొక రంగు కావలెననుకొనుడు. మామూలు నేతలో పేక దారము ఒక అంచునుండి రెండవ అంచువరకు పోవును గనుక ఒడలి రంగు అంచులోనికి చొరబడి అంచు మసకబారును. కుప్పడములో మూడు నాడెలు వాడుదురు. ఒడలికి ఒకటి, చెరియొక అంచునకు ఒక్కొక్కటి. ఒడలి పేక అంచు మొదట ఆగి, అంచు పేకతో మెలివేసికొని వెనుకకు మరలును. అందుచే అంచు రంగు స్వచ్ఛముగా నిలుచును. ఈ నేతకు మగ్గమువద్ద ఇద్దరు కావలెను, పని నెమ్మదిగా సాగును, ధరయు ఎక్కువ. మరమగ్గము దీనిని త్వరగా అనుకరింపజాలదు గనుకనే కుప్పడము నేటికిని కొంత నిలదొక్కుకొనియున్నది.

మరియొక విద్య చీరాలలో పుట్టి వేరొకచోట పెరిగినది. అది తేలియా రుమాలు. తైలముతో చేసినది గనుక ఆ పేరు వచ్చినది. నూలును నూనె, ఆముదపు కాయల బూడిదనుండి తీసిన క్షారజలము కలిపిన ద్రవములో పలుమారులు నానబెట్టి, పిసికి, ఎండబెట్టుదురు. ఇట్లు చేసిన నూలు ఎఱ్ఱరంగును గాఢముగా పట్టును. తరువాత దారములను పోగులుగా కూర్చి, రంగు అంటకూడని చోట్ల గట్టిగా కట్లు కట్టి అద్దకము చేయుదురు. దీనిని చిటికి పని యందురు. కట్లు విప్పి మగ్గమెక్కించినపుడు ఎఱుపు, నలుపు, తెలుపు రంగులలో చుక్కలు, గడులు, పూవులు తమంతట తామే తేలివచ్చును. నేయకముందే దారముమీద బొమ్మ ఎచ్చట రావలెనో లెక్క కట్టవలెనన్న మాట. పాఠశాలలో గణితము చదువని నేతగాండ్రు ఈ లెక్కను తరతరములుగా తప్పు లేకుండ కట్టిరి. ఈ రుమాళ్ళు బర్మాకు, అరేబియాకు, తూర్పు ఆఫ్రికాకు ఓడలమీద పోయెడివి. ఆసియా రుమాలు అనుటయు కలదు. కాలక్రమమున ఎగుమతులు తగ్గి చీరాలలో ఈ పని సన్నగిల్లినది. నల్లగొండ సీమలోని పుట్టపాక నేతగాండ్రు దానిని చేపట్టి చీరలకును విస్తరింపజేసిరి. 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది పుట్టపాక తేలియా రుమాలునకే. ఇందుకు చీరాలవారు చింతింపవచ్చును గాని, విద్య నశింపక బ్రదికినందులకు సంతోషింపవలెనని నా తలంపు.

ఇక పురపాలక సంఘపు కథకు వత్తము. ఈ పట్టణము చరిత్రలో కెక్కినది దాని మూలముననే.

పురపాలక సంఘము, అనగా మునిసిపాలిటీ, ఏమి చేయును? వీధులు ఊడ్పించుట, మురుగుకాలువలు బాగుచేయించుట, మంచినీరు సరఫరా చేయుట, దీపములు పెట్టించుట, జనన మరణములు నమోదుచేయుట — ఇవి దాని ముఖ్యవిధులు. ఇందులకు ధనము కావలెను. ఆ ధనములో పెద్దభాగము ఇండ్లపై, స్థలములపై వేసిన పన్నువలన వచ్చును. పన్నిచ్చు ప్రజలే తమ ప్రతినిధుల నెన్నుకొని ఆ ధనమును ఎట్లు వ్యయము చేయవలెనో నిర్ణయించుకొనుట స్థానిక స్వపరిపాలనము. 1882లో రిప్పను ప్రభువు ఈ పద్ధతికి మన దేశమున ప్రోత్సాహమిచ్చెను. చెన్నరాజధానిలో చిన్న ఊళ్ళకు యూనియన్లు, పెద్ద ఊళ్ళకు మునిసిపాలిటీలు ఉండెడివి. యూనియనులో వసతులు కొద్ది, పన్నులును కొద్ది. మునిసిపాలిటీలో రెండును ఎక్కువ. కనీసము ఎక్కువగా ఉండవలెనని భావము.

చీరాల, పేరాల గ్రామములు పరిసర పేటలతో కలిసి యూనియనుగా నుండెను. అన్నియు కలిపి జనసంఖ్య సుమారు 15,000. ఏటికి వసూలగు పన్ను దాదాపు 4,000 రూపాయలు. 1919లో ప్రభుత్వము దీనిని మునిసిపాలిటీగా మార్ప నిశ్చయించెను. అపుడు పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరుగునట్లయ్యెను. ఈ అంకెలను మీరే లెక్కవేసి చూడుడు. అయిదుగురు మనుష్యులున్న కుటుంబము సగటున ఏటికి ఒక రూపాయి అయిదణాలు ఇచ్చుచుండగా ఇకపై పదుమూడు రూపాయలకు పైగా ఇయ్యవలసివచ్చును. సగటు లెక్క గనుక ధనికునకు ఎక్కువ, పేదకు తక్కువ అని వాదింపవచ్చును. కాని ఊరిలో అధికసంఖ్యాకులు మగ్గముపై బ్రదుకువారు, కూలివారు. వారి సంపాదనలో పదుమూడు రూపాయలు చిన్న మొత్తము కాదు.

ఇంకొక సంగతి కలదు. ఇది ఇసుకనేల. వాననీరు ఇసుకలోనికి ఇంకి, అడుగున నున్న ఉప్పునీటిపై తేలికగా తేలియుండును. కొన్ని అడుగులు త్రవ్విన చాలును, తీయని నీరు ఊరును. వీధిలో పోసిన నీరు నిలువక క్షణములో ఇంకిపోవును. బావియు మురుగుకాలువయు లేని ఊళ్ళకు మునిసిపాలిటీ అవసరమేమో గాని మాకెందుకని జనులు అడిగిరి. ఆనాటి జనసంఖ్యకు ఆ ప్రశ్న సమంజసమైనదే. జనులు అర్జీలు పెట్టుకొనిరి. ప్రభుత్వము వినలేదు. పట్టణ సభకు ఎన్నికైన సభ్యులు రాజీనామాలిచ్చిరి. ప్రభుత్వము జీతగాడైన ఉద్యోగిని నియమించి పని సాగింపజూచెను. ప్రజలెన్నుకొన్నవారు లేని స్వపరిపాలనము అట్లు ఏర్పడినది.

ఈ సమయమున ప్రజలకు నాయకుడుగా నిలిచినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించెను. స్కాట్లండు దేశములోని ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందెను. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమునకు అనువదించెను; ఆ గ్రంథము 1917లో అమెరికాలో అచ్చయ్యెను. ఇంతటి విద్వాంసుడు పెద్ద ఉద్యోగమునకు పోక చీరాలకు వచ్చి ఇసుక వీధులలో జనులతో కలిసి భజనలు చేసెను. ఆయన మాటలలో హాస్యము, చతురత, శ్లేష నిండియుండెడివి. పాటయు పద్యమును ఆశువుగా వచ్చెడివి. ఉపన్యాసమునకు రాని గ్రామీణుడు భజనకు వచ్చునని ఆయన ఎరుగును. రామదండు అను పేర ఒక స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చెను. వారు కాషాయ వస్త్రములు, రుద్రాక్షమాలలు ధరించి, సభలలో తిరునాళ్ళలో క్రమమును కాపాడుచు, జనులకు ధైర్యము చెప్పుచు తిరిగెడివారు. ప్రజలు ఆయనను ఆంధ్రరత్న యని పిలిచిరి.

పన్ను కట్టమని జనులు నిశ్చయించుకొనిరి. ప్రభుత్వము కొందరిపై అభియోగములు తెచ్చి శిక్షించెను. కారాగారమునకు పోయినవారిలో రావూరి అలివేలమ్మ అను స్త్రీ కూడ నుండెను. రాజకీయ కారణమున చెరసాలకు పోయిన తొలి ఆంధ్రవనిత ఆమెయే యందురు.

1921 మార్చి చివరను, ఏప్రిల్ మొదటను బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశము జరిగెను. దానికి వచ్చిన మహాత్మాగాంధి ఏప్రిల్ 6వ తేదీన చీరాలకు వచ్చెను. ప్రజలు తమ కష్టమును ఆయనకు నివేదించిరి. ఆయన రెండు మార్గములు చూపెను. ఊరిలోనే యుండి పన్నియ్యక, ఆస్తులు జప్తుచేసినను, చెరలో పెట్టినను కోపము తెచ్చుకొనక సహించుట ఒకటి. మునిసిపాలిటీ ఎల్లలు దాటి బయటికి పోయి నివసించుట రెండవది. ఎల్లలోపల మనుష్యులే లేనిచో మునిసిపాలిటీ ఎవరిపై పన్ను వేయును? ఏ మార్గము పట్టినను తమ శక్తిపైననే ఆధారపడవలెననియు, కాంగ్రెసు సహాయమును నమ్ముకొని దిగరాదనియు ఆయన ముందే హెచ్చరించెను. నిర్ణయము జనులకే వదలెను.

జనులు రెండవ మార్గమును పట్టిరి. ఏప్రిల్ మాసపు ఎండలలో, తీరప్రాంతపు ఇసుక కాళ్ళను కాల్చువేళ, ఇండ్లకు తాళములు వేసి, మూటలు నెత్తిన పెట్టుకొని, ముసలివారిని బండ్లపై నెక్కించుకొని, పశువులను తోలుకొని వెడలిరి. సుమారు 15,000 జనులలో 13,000లకు పైగా ఊరు విడిచిరి. ఎల్లకు ఆవల తాటాకు పాకలు వేసికొని ఆ నివాసమునకు రామనగరమని పేరు పెట్టుకొనిరి. కూలివాడు మొదలు వర్తకునివరకు అందరికిని పాకలే గృహములు. తమ తగవులు తీర్చుకొనుటకు పంచాయతిని ఏర్పరచుకొనిరి. రామదండు రాత్రులు కాపలా కాచెను.

ఇట్టి కథను వినునపుడు ఉత్సాహము కలుగుట సహజము. కాని కొంచెము నిదానించి ఆలోచింపుడు. మగ్గమును మూటగట్టుకొని పోలేము. గుంటమగ్గము ఇంటిలో నేలతో కలిసియుండును. ఇల్లు విడిచిన నేతగాడు పనిని కూడ విడిచినట్లే. క్రొత్త పాకలో క్రొత్తగుంట త్రవ్వి, మరల పడుగు నెక్కించి, కూలి సంపాదించువరకు ఏమి తినవలెను? తాటాకు పాకలకు నిప్పు భయము, వానకాలమున నీటి భయము. వేసవి పోయి వానలు వచ్చినవి. వానలు పోయి చలి వచ్చినది. జనులు కదలలేదు. దాదాపు పదునొకండు నెలలు ఆ పాకలలోనే కాపురముండిరి. ఒక్క దినపు ఊరేగింపులో పాల్గొనుటకును, పదునొకండు నెలలు పాకలో వంట చేయుటకును నడుమ చాల భేదము కలదు. చరిత్ర గ్రంథములలో నాయకుల పేర్లే మిగులును. ఆ వంట చేసినవారి పేర్లు మిగులలేదు.

ధనము చాలక గోపాలకృష్ణయ్య విరాళములకై ఊరూర తిరిగెను. 1921 సెప్టెంబరు చివర గంజాం జిల్లా బరంపురమునకు పోయినపుడు ప్రసంగింపరాదను ఆజ్ఞను ధిక్కరించెనని ప్రభుత్వము ఆయనను నిర్బంధించెను. ఒక సంవత్సరము శిక్ష విధించి తిరుచిరాపల్లి చెరసాలకు పంపిరి. నాయకుడు దూరమయ్యెను. నిధులు తరిగెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటన పిమ్మట గాంధిమహాత్ముడు దేశమంతటను శాసనోల్లంఘనమును నిలిపివేసెను. అలసిన జనులు మెల్లమెల్లగా తమ ఇండ్లకు మరలిరి. గోపాలకృష్ణయ్య చెరనుండి వెలువడిన తరువాత ఎక్కువకాలము జీవింపలేదు. పేదరికముతోను, అనారోగ్యముతోను బాధపడి 1928 జూన్ 10వ తేదీన, నలుబదియేండ్లైనను నిండకుండ, కన్నుమూసెను.

చీరాల–పేరాల ఉద్యమము జయించెనా, ఓడెనా అని విద్యార్థులు తరచుగా అడుగుదురు. తలచినది అపుడు నెరవేరలేదు గనుక ఓడెననవలెను. అయితే గుంటూరుసీమలో పెదనందిపాడు రైతులు అదే కాలమున భూమిశిస్తు నిరాకరించుటకు పూనుకొన్నపుడు వారికి చీరాల పేరు బలము నిచ్చినది. ఒక ఊరు ఊరంతయు కలిసి ఒకమాటపై ఇంతకాలము నిలువగలదని చూచిన పిమ్మట ఇరుగుపొరుగు పల్లెలలో అధికారుల బెదిరింపునకు మునుపటి విలువ లేకపోయెను.

ఇప్పటి పురపాలక సంఘము వేరు. స్వతంత్ర భారతమున పౌరులు తమ వార్డులనుండి సభ్యుల నెన్నుకొందురు. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సభలకు రాజ్యాంగములోనే స్థానము కల్పించి, స్త్రీలకు మూడవ వంతుకు తగ్గకుండ స్థానములు కేటాయించెను. 2011 జనాభా లెక్కలలో చీరాల మునిసిపాలిటీ ఎల్లలలోని జనము 87,000లకు పైబడియుండెను. నాడు 15,000 మందికి తీయనినీ రిచ్చిన ఇసుకబావి నేడు ఇందరికి ఈయజాలదు. ఎక్కువగా తోడినచో అడుగునున్న ఉప్పునీరు పైకి వచ్చును. ఇసుక ఏ మురుగును త్వరగా త్రాగివేయునో ఆ మురుగే బావిలోనికి దిగును. నాడు మునిసిపాలిటీ వలదన్న ఇసుకయే నేడు అది కావలెనని చెప్పుచున్నది. పన్ను కావలెనా వలదా యను ప్రశ్న ఇప్పుడు లేదు. మనము ఎన్నుకొన్నవారే పన్నును నిర్ణయించుచున్నారా, ఇచ్చిన పన్నునకు నీరు, వెలుతురు, శుభ్రత వచ్చుచున్నవా అని లెక్క అడుగుట మాత్రము పౌరుని విధిగా నిలిచియున్నది.

చీరాలకు ప్రక్కనే వేటపాలెము కలదు. ఆ ఊరి జీడిపప్పు వ్యాపారము ప్రసిద్ధము. దానికంటె ప్రసిద్ధమైనది సారస్వత నికేతనము అను గ్రంథాలయము. 1918లో కొందరు యువకులు స్వల్పముగా ప్రారంభించిన ఈ సంస్థ క్రమముగా పెరిగి ఆంధ్రదేశమున పేరొందిన గ్రంథాలయములలో నొకటి యయ్యెను. గాంధిమహాత్ముడు 1929లో ఇచ్చటికి వచ్చెను. ఆయన చేతికఱ్ఱను అచట భద్రపరచియున్నారు. అయితే దూరదేశములనుండి పరిశోధకులు వచ్చునది చేతికఱ్ఱను చూచుటకు కాదు. పాత తెలుగు పత్రికల సంపుటములకై వత్తురు. మరెక్కడను దొరకని సంచికలు ఆ బీరువాలలో దొరకును. రైలు దిగి ఒక పూట అచట గడపుట ఎనిమిదవ తరగతి విద్యార్థికి కూడ కష్టమైన పని కాదు.

పట్టణము నడుమ మహాత్మాగాంధి పేరిట పెద్ద వస్త్రవిపణి కలదు. చీరాలను చిన్న బొంబాయి యనుట ఈ వస్త్రవ్యాపారమును బట్టియే. విచిత్రమేమన, ఆ దుకాణములలో అమ్ముడుపోవు బట్టలలో ఎక్కువభాగము చీరాల మగ్గములపై నేసినవి కావు. సూరతు, అహమ్మదాబాదు మొదలగు చోట్ల మిల్లులలో, మరమగ్గములపై తయారైనవి. పడమటి రేగడి పొలములనుండి, అనగా పరుచూరు, ఇంకొల్లు, మార్టూరు ప్రాంతములనుండి ప్రత్తియు మిరపయు పండించు రైతులు పంట అమ్ముకొని పెండ్లిబట్టలకు ఇచ్చటికి వత్తురు. మిరప ధర బాగున్న యేడు చీరాల దుకాణములలో నిలువ చోటుండదు. ధర పడిపోయిన యేడు అంగడివాడు ఈగలు తోలుకొనును. పొగాకు వ్యాపారము కూడ ఈ పట్టణమునకు పాతది. ఐ.ఎల్.టి.డి. కంపెనీ ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలోనే గుంటూరుసీమలో వర్జీనియా పొగాకు సాగును ప్రవేశపెట్టి, చీరాలలో పెద్ద కర్మాగారము నెలకొల్పెను. అందులో పని చేసినవారిలో స్త్రీలు అధికులు.

మగ్గముపై బ్రదుకువారి స్థితిని దాచి చెప్పుట తగదు. చాలమంది నేతగాండ్రకు సొంత నూలు లేదు. పెద్ద ఆసామి నూలును, రంగును, నమూనాను ఇచ్చును. నేసిన చీరను తీసికొని కూలి యిచ్చును. ముందుగా బాకీ తీసికొన్న నేతగాడు ఆ ఆసామిని విడిచి పోలేడు. ఈ కట్టును సడలించుటకే సహకార సంఘములు పుట్టినవి. చేనేతవారికై జీవితమంతయు పాటుపడిన ప్రగడ కోటయ్య చీరాల ప్రజలకు శాసనసభలో ప్రతినిధిగా నుండెను. పిమ్మట రాజ్యసభ సభ్యుడును అయ్యెను. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాసంస్థకు ఆయన పేరే పెట్టియున్నారు. కొన్నిరకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. చట్టమున్నను మరమగ్గపు బట్ట చేనేత పేరుతో అంగడిలో అమ్ముడుపోవుచునే యున్నది. 1991లో నూలు ధర విపరీతముగా పెరిగినపుడు చీరాల ప్రాంతమున నేతకుటుంబములలో ఆకలిచావులు సంభవించెను. చీరలు నేయు ఊరికి అంతకంటె దుఃఖకరమైన సంవత్సరము మరియొకటి లేదు.

దీనికి తోడు కడలి ప్రక్కన కాపురము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనగాలి ఈ తీరమునంతను పీడించెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ అను తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. తుపాను వచ్చునన్న వార్త వినగానే వాడరేవులోని పల్లెకారులు పడవలను ఇసుకపైకి లాగి మోకులతో తాటిచెట్లకు కట్టుదురు. రేగడి పొలములలో రైతులు కల్లములలోని మిరపకాయలపై పట్టాలు కప్పుదురు. నేతగాడు గుంటమగ్గమును కదల్చలేడు. వాన పట్టినచో గుంటలో నీరు ఊరును. ఇసుకనేల గనుక అడుగునుండియే ఊరును, తోడిన కొలదియు వచ్చును. తేమకు పడుగులోని గంజి మెత్తబడి బూజు పట్టును. వాన వెలిసినను గుంట ఆరుటకు ఎన్నియో దినములు పట్టును. అన్నిదినములును ఇంటిలోనివారందరు నాడె చప్పుడు లేని ఆ గదిలో కూర్చుండి ఎండకై ఎదురుచూతురు. ఆ దినములకు కూలి లేదు.